నలభై రెండో దినం

నేను విసిరిన స్టీలు గ్లాసు గోడకు తగిలి, ఎగిరొచ్చి నా కూతురి కనుబొమ్మ చీల్చింది. గోడకే విసిరాను, పిల్ల మీదికి కాదు. ఈ మాట దారిలో ఆటో అతనికి చెప్పాను, ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పాను, ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. మూడు కుట్లు పడ్డాయి.

మర్నాటి నుంచి నా భార్య నాకు కాఫీ ప్లాస్టిక్ గ్లాసులో ఇవ్వసాగింది. ఎందుకని నేను అడగలేదు. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పోతున్న పిల్ల, నా చెప్పుల చప్పుడు వింటే చాలు, గదిలోకి పోయేది. ఏమడిగినా తల ఊపేది, అంతే. ఇక ఈ జన్మలో నాతో నోరు విప్పి మాట్లాడదేమోనని భయం పట్టుకుంది. అన్నం సహించేది కాదు.

కోపం నాకు కొత్తేమీ కాదు. నంద్యాలలో ముప్పై ఏళ్లుగా మోటార్లు, పైపుల అంగడి నడుపుతున్నాను. బోరు ఎండిపోతే నా మోటారుదే తప్పని మీదికొచ్చే రైతులతో అరిచీ అరిచీ నాకు అదే గొంతు మిగిలింది. ఏడాదికి నలభై ఒక్క రోజులు మాత్రం అరవను. అయ్యప్ప మాల వేసుకుంటాను కదా, మాలలో ఉన్నవాడు కోప్పడకూడదు. కట్టుకున్న భార్య కూడా స్వామీ అనే పిలుస్తుంది. మాల తీసిన మర్నాడు మాత్రం వీధి చివరికి వినిపిస్తాను.

నన్ను ఆళ్లగడ్డకు పంపింది పక్క అంగడాయన.

"అన్నా, ఆడ రిటైరైన లెక్కల సారు ఒకాయన ఉండాడు. బుద్ధుని పద్ధతిలో కూర్చోవడం నేర్పిస్తాడంట. పోయి రా. లేదంటే నువ్వన్నా పోతావ్, నీ ఇంట్లో వాళ్లన్నా పోతారు."

ఆదివారం బస్సెక్కాను. సారు ఇల్లు శిల్పులుండే వీధిలో ఉంది. రెండు పక్కలా సగం చెక్కిన దేవుళ్లు, తెల్లటి రాతిపొడి, ఉలి మీద సుత్తి దెబ్బలు. దుప్పటి మడిచి కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు సారు. టక్ టక్ టక్. ప్రతి దెబ్బా నా కణతల మీదే పడుతోంది.

"సార్, వాళ్లను ఒక గంట ఆపమంటే ఆపరా?"

"వాళ్ల పని వాళ్లు చేస్తాండారు. నీ పని నువ్వు చెయ్యప్పా."

"సరే, ఏం జపించాల?"

"ఏమీ జపించొద్దు. ముక్కు కొస కాడ గాలి పోతాంది, వస్తాంది. అది చూస్తా ఉండు. మనసు యాడికన్నా పోతే మళ్లా తెచ్చి ఈడ కూర్చోబెట్టు. దాన్ని తిట్టొద్దు."

తిట్టకుండా ఎవరినైనా కూర్చోబెట్టడం నాకు చేతనవునా! లేచి వచ్చేటప్పుడు అడిగాను, ఎన్ని దినాలు చేయాలని.

"దినాలెందుకు?" అని నవ్వాడు సారు.

ఈయనకు తెలియదులే అనుకున్నాను. మండల దీక్ష అంటే నలభై ఒక్క రోజులని ఊర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంటికి రాగానే ప్రకటించేశాను, రేపటి నుంచి నలభై ఒక్క దినాలు ధ్యానం అని. తెల్లవారి అయిదింటికి కూర్చున్నాను. అరగంటలో వంటింట్లో కుక్కరు కూత వేసింది. కళ్లు తెరవకుండానే అరిచాను. "ఆ కుక్కరు ఆపుతారా లేదా!" ఆపారు. మిక్సీ కూడా ఆగిపోయింది. ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడవడం మొదలైంది. ఆహా, ధ్యానం బాగా కుదురుతోందని సంబరపడ్డాను.

రెండో ఆదివారం గొప్పగా ఈ సంగతి చెబితే సారు నవ్వలేదు. "నీ పెండ్లాం బిడ్డలు ఊపిరి బిగబట్టుకోనుంటే, నువ్వు యాడి ఊపిరి చూస్తాండావప్పా?" అన్నాడు. ఒళ్లు మండింది. ఆయన ఊరుకోలేదు. "ఇప్పుడు కోపమొచ్చె కదా. యాడ పుట్టిందో చూడు."

చూశాను. కుడి అరచేతిలో పుట్టింది. ముందు అరచెయ్యి వేడెక్కుతుంది, తర్వాతే నోరు లేస్తుంది. యాభై నాలుగేళ్లు మోసిన చెయ్యి, ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత కుక్కరు జోలికి పోలేదు.

దీక్ష ఇంకా రెండు రోజులుందనగా మంచినీళ్ల కోసం వంటింటి వైపు వెళ్లాను. లోపల నా భార్య పిల్లతో గుసగుసగా అంటోంది.

"ఎల్లుండితో అయిపోతాంది ఆయన దీక్ష. చెప్పేదేదో ఆ లోపలే చెప్పెయ్. తర్వాత నేను అడ్డం రాలేను."

వాళ్లు బయటికి వెళ్లాక చూశాను. గోడకున్న క్యాలెండర్లో ఎల్లుండి తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. పిల్ల ఇంటర్లో లెక్కలు తప్పిన సంగతి, కొత్త ఫ్రిజ్ కాలిపోయిన సంగతి, బామ్మర్ది అప్పులపాలైన సంగతి, అన్నీ నాకు తెలిసింది మాల వేసుకున్న రోజుల్లోనే. యాదృచ్ఛికం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఏడాదంతా దాచి, స్వామి కోప్పడడని ఆ రోజుల్లో నాకు చెప్పేవాళ్లన్నమాట. నా ఇంట్లో నేనింత భయంకరమైనవాణ్నా! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నలభై ఒకటో రోజు అంగడికి పోలేదు. హాల్లోనే కూర్చున్నాను. పిల్ల రెండుసార్లు వచ్చి నిలబడింది, రెండుసార్లూ వెనక్కి పోయింది. భోజనాల దగ్గర నా భార్య కళ్లతో సైగ చేస్తూనే ఉంది. పిల్ల చెప్పలేదు. అడగాలన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

నలభై రెండో రోజు తెల్లవారి మామూలుగానే దుప్పటి పరిచి కూర్చున్నాను. పక్కన ఇత్తడి చెంబులో నీళ్లు. కాసేపటికి ఎదురుగా ఎవరో కూర్చున్న అలికిడి. కళ్లు తెరిచాను. నా కూతురు. ఎడమ అరచెయ్యి కనుబొమ్మకు అడ్డం పెట్టుకుని ఉంది.

"నాయనా, నేను కోచింగ్‌కు పోవడం మానేసి రెండు నెలలైంది. నాకు ఆ బ్యాంకు పని వద్దు."

రెండు నెలలా! రోజూ పొద్దున సంచి తగిలించుకుని పోయేది యాడికి మరి? అరచెయ్యి భగ్గుమంది. ఆ చెయ్యి అప్పటికే చెంబు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. వంటింటి గుమ్మంలో నా భార్య కదలకుండా నిలబడింది. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

"నాకు కోపమొస్తాందమ్మా," అన్నాను. "శానా వస్తాంది. నిన్ననే చెప్పుంటే పోయేది కదా?"

"నిన్న చెప్పుంటే నీ దీక్ష వినేది నాయనా. నువ్వు వినాలనే ఈ దినం చెప్తాండా."

చెంబును వెనక్కి, చెయ్యి అందనంత దూరం తోశాను. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. కుక్కరు రెండు కూతలు వేసింది. అప్పుడు నా కూతురు కనుబొమ్మ మీంచి చెయ్యి దించింది. ఆ మూడు కుట్ల మచ్చను నేను నేరుగా చూడడం అదే మొదటిసారి.