వదిన అసలు గొంతు

మా వదిన గొంతు వినకుండా మా ఊరి బస్టాండు దాటినవాళ్ళు తక్కువ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. బరువైన గొంతు, తొందరలేని మాట. పరుగెత్తేవాళ్ళు కూడా ఆగి వినేవారు. రిటైరయ్యాక గొంతులో కంతి ఉందని తేలింది. డాక్టర్లు మనిషిని దక్కించారు కానీ గొంతు దక్కలేదు. మైకులో అన్నేళ్ళు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఎవరూ రికార్డు చేసి దాచలేదు.

ఉద్యోగానికి ముందు ఆవిడ పాటలు పాడేది. ఆవిడ తమ్ముడు, అంటే మా ఆయన, డ్రమ్స్ వాయించేవాడు. ఇద్దరు స్నేహితులది గిటారు, కీబోర్డు. అప్పటి ఇంగ్లీషు పాటల కొత్త పోకడని పట్టుకుని న్యూ వేవ్ బ్యాండు అని చెప్పుకునేవారు. వాళ్ళ మొదటి ఆల్బమే ఆఖరిది కూడా. పాటలు మరీ నెమ్మదిగా ఉన్నాయని కంపెనీవాళ్ళు టేపు వేగం పెంచి రికార్డులు వేశారు. దాంతో వదిన గొంతు కాస్తా బడిపిల్ల గొంతయింది. "ఇది నేను కాదు" అని వచ్చేసి, ఆవిడ మళ్ళీ స్టూడియో గుమ్మం తొక్కలేదు. నాకైతే ఆ పాటలు ఒక పట్టాన ఎక్కలేదు. ఆ కీబోర్డు వింటే పంటి నొప్పి గుర్తొస్తుంది.

ఈమధ్య ఎవరో ఆ ఆల్బమ్ మళ్ళీ విని, మరుగున పడ్డ మాణిక్యమని ఇంటర్నెట్టులో రాశారు. ఆ పసి గొంతే దానికి ప్రాణమట. వదిన చదివి, ఫోనులో టైపు చేసి మా ఆయన ముందు పెట్టింది. "అసలు టేపు ఎక్కడుంది? నా గొంతు ఒక్కసారి వినాలి."

టేపు మా బేకరీ అటక మీద, మైదా సంచుల వెనక దొరికింది. ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి జిగటగా తయారైంది. సౌండు ఇంజినీరు ఒకాయనకి చూపిస్తే పెదవి విరిచాడు.

"తడి పీల్చేసింది. ఇలాగే తిప్పితే పూత ఊడిపోతుంది, దాంతోపాటు పాటా పోతుంది. ఒక రోజంతా సన్నటి వేడిలో ఆరబెట్టి తీసుకురండి. ఇంకో కాపీ లేదంటున్నారు, జాగ్రత్త."

సన్నటి వేడి అంటే మా ఆయనకు తెలిసింది ఒకటే, రొట్టె పిండి పొంగబెట్టే బీరువా. పిండి ఎండిపోకుండా దాని అడుగున నీళ్ళ తొట్టి కాగుతూ ఉంటుంది. ఘనకార్యం చేస్తున్నట్టు టేపు అందులో పెట్టి, తలుపు మూసి, పిండి కలిపే మిషను ఆన్ చేసి అటు తిరిగాడు. నేను వెనక ట్రేలు కడుగుతున్నాను.

వదిన కౌంటరుకి అవతల కూర్చుని ఆ గాజు తలుపు వంకే చూస్తోంది. కాసేపటికి గాజు మీద చెమట పట్టింది. ఆవిడ లేచి నోరు తెరిచింది. అరవడానికి గొంతు లేదు, లోపలికి రావాలంటే వీధిలోంచి చుట్టూ తిరిగి రావాలి. కౌంటరు మీది పట్టకారు తీసుకుని ఖాళీ ట్రే మీద కొట్టింది. నాలుగు దెబ్బలు, సమానంగా, నెమ్మదిగా. మళ్ళీ నాలుగు.

ఒకప్పుడు ప్రతి పాటకీ ముందు తమ్ముడికి వేగం అందిస్తూ ఆవిడ అలాగే కొట్టేదట. అంత మిషను రొదలోనూ మా ఆయన చేతిలో పని వదిలేసి ఠక్కున అక్క వైపు తిరిగాడు. ఆవిడ వేలు బీరువా వైపు చూపిస్తోంది.

తలుపు లాగితే ఆవిరి మొహాన కొట్టింది. ఆయన టేపు బయటికి తీసి గబగబా తుడిచాడు.

"కొంప ముంచానే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తడి ఆరబెట్టమంటే ఆవిరి పట్టిస్తారా? రొట్టెకీ టేపుకీ తేడా తెలీదా మీకు?"

వదిన చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. రస్కులు ఆరబెట్టే పెట్టెలో పొడి వేడి ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి టేపు అందులో పెట్టాను. మర్నాటిదాకా ముగ్గురం వంతులేసుకుని కాపలా కాశాం.

"ఏమవుతుందో నేనూ చెప్పలేను," అంటూనే ఇంజినీరు టేపు మిషనుకి ఎక్కించాడు. ముందు కీచుమంది. గోధుమరంగు పొడి కొంచెం రాలింది. వదిన గోళ్ళు నా మోచేతిలో దిగాయి. ఇంజినీరు చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి ఆగింది. కీచు తగ్గి డ్రమ్స్ వినపడ్డాయి, గబగబా, కంగారుగా. అంతలోనే ఆగిపోయాయి. ఇక ఏ చప్పుడూ లేదు. అయిపోయింది, పాట పోయిందనే అనుకున్నాను.

"ఒరేయ్, ఎవరు తరుముతున్నార్రా నిన్ను? నెమ్మదిగా కొట్టు."

రికార్డులో వెయ్యకుండా కంపెనీ వదిలేసిన వదిన మాట అది. పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైందని నన్ను కసిరిన గొంతు అదే. బస్సులు పిలిచిన గొంతూ అదే. నాకు ఏడుపు ఆగలేదు.

నెరిసిన తలతో మా ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుని, "సరే అక్కా," అన్నాడు.

పాట మొదలైంది. ఇంజినీరు మెల్లగా అడిగాడు. "ఎవరిదండీ ఈ గొంతు?"

వదిన స్పీకరు వైపు వేలు చూపించి, ఆ వేలు తన గుండె మీద పెట్టుకుంది.