పైరాయి కింద గుర్తు

మా మేనమామ చేతిపనికి ఎవరూ వంక పెట్టలేరు. ఆయన నోటి సంగతి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. యాభై ఏళ్ళు రాతిపని చేశాడు. చేసినన్నాళ్ళూ ఒకే కథ చెప్పి అందరి చెవులూ తినేశాడు. ఆ కథ మా వీధి చివరి శివాలయానిది.

గుడి చిన్నది. గర్భగుడిలో లింగమూ పూజారీ తప్ప ఇంకొకరికి చోటు చాలదు. ముందు నాలుగు స్తంభాల మంటపం, పైన మూడంచెల శిఖరం, ఉత్తరం గోడలో అభిషేకం నీళ్ళు పోయే రాతి తూము, అంతే. మొదట ఇటుకలతో కట్టారట. అది వరదకు కూలిపోతే మా తాత, అంటే మేనమామ తండ్రి, రాతితో మళ్ళీ లేపాడు. గర్భగుడి ద్వారం మీద అడ్డంగా ఉన్న పైరాయి మీద గజలక్ష్మి ఉంది. ఏనుగుల తొండాల మీది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. గుడికి వచ్చినవాళ్ళు ముందు దాన్నే చూస్తారు, ఆ తరవాతే దేవుణ్ణి.

ఆ రాయి తాత చెక్కాడని మేనమామ అనేవాడు. కాదు, నేను చెక్కానని మా నాన్న అనేవాడు. నాన్న అప్పట్లో తాత దగ్గర పనివాడు, తరవాత అల్లుడయ్యాడు. మేనమామ ఆ రోజుల్లో దూరంగా ఏదో వంతెన పనిలో ఉన్నాడు, కళ్ళారా చూసింది లేదు. అయినా ఆ ఒక్క మాటకు మేనమామ మా నాన్న ఉలీ సుత్తీ వీధిలోకి విసిరేసి, చుట్టుపక్కల ఏ మేస్త్రీ ఆయనకు పనివ్వకుండా చేశాడు. నాన్న క్వారీలో కంకర కొట్టి, రాతిదుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయాడు. చావుకు కూడా మేనమామ రాలేదు. నేను ఆయన్ని క్షమించలేదు, ఆ ఉద్దేశమూ లేదు.

మొన్న ద్వారం పక్క గోడ బీటలు వారితే, పైరాయి దించి బాగుచేసే పని గుడివాళ్ళు నాకిచ్చారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు చెక్కిన రాయికి వాళ్ళు, గోడ మీద ఆనే అడుగుభాగంలో, తమ గుర్తు కొడతారు. రాయి ఎక్కాక అది ఎవరికీ కనపడదు. తాతది కాకికాలు, మూడు గీతలు. నాన్నది చేప.

మేనమామ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి, వేలికొసల స్పర్శను సున్నం ఎప్పుడో తినేసింది. మీ నాన్న గొప్పేమిటో ఇవాళ తేలుతుందిలేరా అని పనివాళ్ళ ముందే నవ్వాడు.

పనివాళ్ళు చెయిన్ కప్పీతో రాయి దించి, అడుగు పైకి వచ్చేలా తిప్పి, భోజనాలకు వెళ్ళారు. నేను దుమ్ము ఊదాను. కాకికాలు. మూడు గీతలూ నిన్న కొట్టినట్టున్నాయి. నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిందంతా అబద్ధమే. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నాన్న మీద మండినా, ఎదురుగా ఉన్నది మేనమామ.

"ఏముందిరా?"

"చేప, మామయ్యా."

ఆయన మోకాళ్ళ మీద కూలబడి రాయంతా తడిమాడు. వేళ్ళు రెండుసార్లు ఆ గీతల మీదుగానే పోయాయి. పని దగ్గర నువ్వు అబద్ధమాడవులే అన్నాడు చివరికి. పనివాళ్ళు తిరిగొచ్చేలోగా గుర్తు మీద సున్నం మెత్తేశాను.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, ముప్పై ఏళ్ళ తరవాత. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప దగ్గరే చతికిలబడ్డాడు. మా అమ్మ ఆయనకు చెల్లెలు. రాయి కింద చేపే ఉందని చెప్పి, తండ్రి పేరు కోసం ఆమె కాపురం నాశనం చేశానని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మన నాన్న నాకు అబద్ధం చెప్పాడే" అన్నాడు.

ఆ మాట వింటే కడుపు నిండుతుందనుకున్నాను. నిండింది కూడా, కాసేపు.

అమ్మ మంచినీళ్ళిచ్చి పంపింది. తలుపు దగ్గరగా వేసి నా వైపు తిరిగింది.

"పోయేముందు మీ నాన్న నాతో చెప్పాడురా, ఆ రాయి తను చెక్కలేదని. మరి చేప ఎక్కణ్ణించి వచ్చింది?"

మేనమామ కర్ర చప్పుడు ఇంకా వీధిలో వినిపిస్తూనే ఉంది. పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాడు. తలుపు తీయబోయాను.

"తియ్యకు. పాతికేళ్ళు నేను నోరు మూసుకున్నాను. నువ్వూ మూసుకో."

గడియ తనే పెట్టి అమ్మ వంటింట్లోకి వెళ్ళింది.