గుండ్రటి పగుళ్ళు

రేవులో ఇంజను పిన్ని అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం అందరూ నీళ్ళు నములుతారు. టికెట్లు చింపే అతనికీ పిన్నే, బస్తాలు మోసేవాళ్ళకీ పిన్నే, ఆవిడకంటే వయసులో ఎంతో పెద్దయిన టీకొట్టు ముసలాయనకీ పిన్నే. ఒకసారి సొంత మొగుడే నోరు జారి "పిన్నీ" అన్నాడని, ఆ పూట ఆయనకి అన్నం పెట్టలేదని చెప్పుకుంటారు. నిజమెంతో ఆవిణ్ణి అడిగే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

ఈ రేవు నుంచి అవతలి రేవుకు జనాన్ని దాటించే పాత లాంచీ ఒకటుంది. దాని మీద మొగుడు సరంగు, పెళ్ళాం డ్రైవరు. ఆయన పైన చుక్కాని పట్టుకుని గాలీ వెలుతురూ అనుభవిస్తాడు. ఆవిడ కింద, నూనె వాసనలో, మూడు సిలిండర్ల ఇంజను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంటుంది. ఆ పీట అంతకుముందు ఆవిడ తండ్రిది. ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఆయన మోకాళ్ళు మొరాయించాక పాత యజమాని "నీ కూతురైతే నాకేం అభ్యంతరం లేదయ్యా" అనడంతో పీట ఆవిడకొచ్చింది. ఆడమనిషికి ఇంజను గదిలో ఏం పనని గొణిగినవాళ్ళు కొన్నాళ్ళు గొణిగి, లాంచీ రోజూ వేళకి నడుస్తుంటే వాళ్ళే ఊరుకున్నారు.

అలాంటి ఇంజను ఒక మధ్యాహ్నం నడినీళ్ళలో తెల్లటి ఆవిరి కక్కి ఆగిపోయింది. ఇంకో పడవ తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చింది. పిన్ని విప్పి చూస్తే మూడు హెడ్లలో రెండు పగిలి ఉన్నాయి. హెడ్డంటే సిలిండరు మీద ఉండే బరువైన ఇనుప మూత. కింద మంట మండుతుంటే, దాని లోపలి దారుల్లో నీళ్ళు తిరిగి చల్లబరుస్తాయి. పగిలిందంటే నీళ్ళు మంటలోకి దిగినట్టే. ఆ ఇంజను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

లాంచీ ఇప్పుడు పాత యజమాని కొడుకు చేతిలో ఉంది. అతను చెడ్డవాడేం కాదు గానీ, అరిగిపోయిన వస్తువంటే అతనికి తలనొప్పి. "హెడ్లు దొరికితే సరే పిన్నీ. వానలు వెళ్ళేలోగా దొరక్కపోతే దీన్ని పాత ఇనుముకి ఇచ్చేసి కొత్త లాంచీ తెస్తాను. అందులో మీటలన్నీ సరంగు ముందే ఉంటాయి. కింద మనిషి అక్కర్లేదు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "బాబాయి ఉద్యోగానికేం ఢోకా లేదు" అని కూడా అన్నాడు పాపం, ఊరటగా ఉంటుందనుకుని.

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. మండినా లాభం లేదని తెలుసు. ఈ లాంచీ పోతే ఇంకే లాంచీ వాడూ ఆవిణ్ణి ఇంజను గదిలోకి రానివ్వడు. ఉన్న ఒక్క పీటా పోతే ఆవిడ రేవుకి వచ్చేది మొగుడికి క్యారేజీ ఇవ్వడానికే. 

మర్నాడే పని మొదలుపెట్టింది. పగిలిన హెడ్డు మోసుకుంటూ ఊళ్ళు తిరగడం కుదరదు కదా. అందుకని తండ్రి నేర్పిన పద్ధతిలో అట్ట కొట్టింది. దళసరి అట్టని హెడ్డు మీద పరిచి, గుండ్రటి మూతి సుత్తితో అంచుల వెంట సుతారంగా కొడుతూ పోతే, కింద ఎక్కడ కన్నం ఉంటే అక్కడ అట్ట తెగుతుంది. అచ్చు దిగిపోతుంది. హెడ్డుకీ కింద సిలిండర్లున్న దిమ్మకీ మధ్య నీళ్ళు కారకుండా పరిచే గాస్కెట్లు వాళ్ళింట్లో ఎప్పుడూ అలా కొట్టినవే. ఆ అట్ట చంకన పెట్టుకుని, కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. పడవలు విరగ్గొట్టే చోట్లకి వెళ్ళింది. నీటి పంపుల షెడ్లలోకి తొంగి చూసింది. పోత పోసే ఫ్యాక్టరీవాళ్ళని కొత్తవి పోయమని అడిగితే, రెండు హెడ్ల కోసం అచ్చులు చేయడం మావల్ల కాదని చేతులెత్తేశారు.

చివరికి ఒక ఐసు ఫ్యాక్టరీలో అదే కంపెనీ, అదే నంబరు ఇంజను కనిపించింది. కరెంటు పోతే వాడుకోవడానికి ఉంచిన ఇంజను. దాన్ని చూసుకునే మేస్త్రి అద్దంలా తుడిచి పెట్టుకున్నాడు. పిన్ని గుండె ఎగిరి గంతేసింది. పక్కన విప్పిపెట్టిన హెడ్డు ఒకటుంటే అట్ట దాని మీద పెట్టింది. అంచు కలిసింది, బోల్టు కన్నాలు కలిశాయి. నీళ్ళ కన్నాలు మాత్రం నాలుగు ఎక్కువున్నాయి.

"ఇది మా ఇంజను కాదు" అంది.

"నంబరు ఒకటే, కంపెనీ ఒకటే. ఇంకేం కావాలమ్మా?" అన్నాడు మేస్త్రి.

"కన్నాలు కూడా ఒకటే కావాలి. మా నాన్న చేతుల మీద నడిచిన ఇంజను మాది. మీదాన్ని ఎవరో తెలియక తొలిచిపెట్టారు."

"దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు."

"అయితే మీరే తొలిచుంటారు" అనేసి, అట్ట చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి చెబితే సరంగు నెమ్మదిగా, "మన హెడ్లకే తక్కువున్నాయేమో చూశావా?" అన్నాడు. "మీరు చుక్కాని చూసుకోండి" అంది పిన్ని. ఆయన చూసుకున్నాడు.

ఇక మిగిలింది పగిలిన వాటినే అతికించుకోవడం. పోత ఇనుము అతుకు నిలుస్తుందన్న నమ్మకం లేకపోయినా, రెండు హెడ్లూ ఆటోలో వేయించుకుని లేతు పని చేసే అతని దగ్గరికి వెళ్ళింది. దూరపు వరస కలుపుకుని ఆవిడ అతన్ని అల్లుడూ అంటుంది. అతను ఒక హెడ్డు అడుగు భాగాన్ని పొరలా గీసి నున్న చేశాడు. పగుళ్ళు ఎక్కడిదాకా పాకాయో చూడాలి కాబట్టి కిరసనాయిలు పూసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగుల్లోకి ఇంకిన కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి సుద్దలో తడి గీత గీస్తుంది. అనుకున్నట్టే మధ్యలో ఒక వంకర గీత తేలింది. తర్వాత, నున్నగా ఉందనుకున్న చోట ఇంకొకటి తేలింది. అది గుండ్రంగా ఉంది. దాని పక్కన మరొకటి. చూస్తుండగానే నాలుగయ్యాయి.

"పగులు ఎక్కడైనా కంపాసు పెట్టి గీసినట్టు వస్తుందా పిన్నీ?" అన్నాడు అల్లుడు.

పిన్ని వంగి, వేలితో సుద్ద తుడిచి, వెలుతురుకి తిప్పి చూసింది. అవి పగుళ్ళు కావు, బిరడాలు. నాలుగు నీళ్ళ కన్నాలని ఎవరో అదే రకం ఇనుముతో బిరడాలు చేసి, దిగ్గొట్టి, అంచు కనబడకుండా ఆకురాయితో నున్న చేశారు. రెండో హెడ్డు మీద సుద్ద చల్లినా అలాంటివే నాలుగు తేలాయి. అంత శుభ్రంగా ఆకురాయి పట్టే చేయి ఆ రేవులో ఒక్కటే ఉండేది, పోయిన తన తండ్రిది. చిన్నప్పుడు ఇంజను విప్పినప్పుడు, కింది దిమ్మలో కన్నాలుంటే పైన హెడ్డులో లేవేమిటని తను అడిగింది. "అవి పోత పోసినప్పుడు ఇసక తీయడానికి పెట్టినవమ్మా, మనకి పనిలేదు" అన్నాడు తండ్రి. ఆవిడ నమ్మింది. ఆ తర్వాత ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ ఆ అనుమానమే రాలేదు. ప్రతి గాస్కెట్టూ ఆ హెడ్డు మీదే కొట్టింది కాబట్టి, ప్రతి గాస్కెట్టూ ఆ అబద్ధాన్నే చెప్పింది.

"సగం నీళ్ళతో చల్లబడుతోందన్నమాట ఇన్నాళ్ళూ. పగలక ఏం చేస్తుంది?" అన్నాడు అల్లుడు.

ఇంతలో సరంగు వచ్చాడు. పిన్ని ఆయనకి వేలు పెట్టి చూపించింది. "నాకు అబద్ధం చెప్పాడు. నాకు. పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు."

సరంగు వంగి ఒక బిరడా అంచుని వేలితో తడిమాడు. "ఆ కన్నాల దగ్గర గాస్కెట్టు ఎప్పుడో కాలి నీళ్ళు దిగుంటాయి. ఆ పూటకి లాంచీ నడవాలని పూడ్చేసుంటాడు. తీద్దాం తీద్దాం అనుకునేలోపు నువ్వడిగావు. కూతురి ముందు సిగ్గుపడ్డాడే, అంతే."

"సిగ్గుకి నా పీట పోతోంది" అంది పిన్ని. అని, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఏడవడానికి తర్వాత తీరిక ఉంటుంది. రెండు హెడ్లూ మళ్ళీ అదే ఆటోలోకి ఎక్కించి ఐసు ఫ్యాక్టరీకి పదమంది.

గేటు దగ్గర మేస్త్రి ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు. "తొలిచిన హెడ్లు చూడ్డానికి వచ్చావా?"

"మీరు తొలవలేదు. మావే మా నాన్న పూడ్చాడు. ఆ రోజు నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకండి. నాకా హెడ్లు కావాలి."

ఆయన మొహం కాస్త మెత్తబడింది. "నాకేం, ఇచ్చేవాణ్ణే. కానీ ఆ మాట వాడితో చెప్పుకోవాలి" అని వెనక్కి చూపించాడు. ఆవరణలో లారీ ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు కొత్త జనరేటరు పెట్టుకుని ఇంజన్ని పాత ఇనుముకి ఇచ్చేశారు. ఇంజను లారీ ఎక్కి, తాళ్ళతో కట్టి, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

పాత ఇనుమతను క్యాబిన్ ఎక్కబోతున్నవాడు ఆగి విన్నాడు. "తూకం అయిపోయిందమ్మా. ఇప్పుడు మేకు ముక్క తీసినా నేను జవాబు చెప్పుకోవాలి" అన్నాడు.

"నీకు కావలసింది బరువు. నాకు కావలసింది హెడ్లు. ఇవిగో, అదే కంపెనీ, అదే బరువు. రెండిచ్చి రెండు తీసుకుంటాను. కాటా ఇక్కడే ఉంది, వేసి చూసుకో."

అతను ఆటోలోకి చూశాడు, ఆవిడ మొహంలోకి చూశాడు. తీరా చూస్తే ఇనుము ఇనుమే. "నా లారీ ఆగేది టీ తాగేంతసేపే" అన్నాడు.

పిన్ని చీర బిగించి లారీ ఎక్కింది. మేస్త్రి పానాలు అందించాడు. ఇంజను పైకి అద్దంలా ఉన్నా, నట్లు లోపల మరల్లో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి, పానా మీద ఒళ్ళంతా వేసి లాగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. టీ అయిపోయినా పాత ఇనుమతను కదల్లేదు. చివర్లో అతనే లారీ ఎక్కి పానా రెండో చివర పట్టాడు. మూడు హెడ్లలో ఒకటి, ఆ రోజు విప్పి ఉన్నదే, లారీ ఎక్కించేటప్పుడు దెబ్బతిని అంచు విరిగి ఉంది. మిగిలిన రెండూ దిగాయి. తండ్రి బిరడాలున్న రెండూ వాటి స్థానంలో లారీ ఎక్కాయి. లారీ గేటు దాటేదాకా పిన్ని అటే చూస్తూ నిలబడింది.

రెండు హెడ్లనీ అల్లుడు నీటి ఒత్తిడి పెట్టి పరీక్ష చేశాడు. చుక్క కారలేదు. ఇక తమ ఇంజను మీద పగలని పాత హెడ్డు ఒకటి మిగిలింది.

"అది బాగానే ఉందిగా. మీ నాన్న చేతి పని, ఒక్కటైనా ఉండనీ" అన్నాడు సరంగు.

"ఆయన చేతి పని అని తెలిసే తీస్తున్నాను" అంది పిన్ని. డ్రిల్లు అల్లుడికివ్వలేదు. నాలుగు బిరడాలూ తనే తొలిచింది. ఇనుప రజను వేళ్ళకి అంటుకుంటుంటే, ఎంత గట్టిగా కూర్చోబెట్టాడో మహానుభావుడు అని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. అల్లుడు అవతలికి వెళ్ళి అక్కర్లేని పనేదో చేసుకున్నాడు. తర్వాత దిమ్మలో పూడుకుపోయిన కన్నాలన్నీ గీకి శుభ్రం చేసి, ఐసు ఫ్యాక్టరీ హెడ్డు మీద కొత్త అట్టలు కొట్టింది.

యజమాని సమక్షంలో ఇంజను స్టార్టు చేసిన రోజు రేవులో సగం మంది లాంచీ చుట్టూ చేరారు. రెండుసార్లు తుమ్మి, మూడోసారి అందుకుంది. సరంగు లాంచీని అవతలి రేవు దాకా తీసుకెళ్ళి తిప్పుకొచ్చాడు. కింద పిన్ని వేడి చూపించే ముల్లు వంకే చూస్తోంది. అది ఎప్పుడూ నిలిచే చోటికి రాలేదు. చాలా కిందే ఆగిపోయింది. ముల్లు చెడిపోయిందనుకుని గాజు మీద వేలితో కొట్టింది. కదల్లేదు. భయం భయంగా అరచేయి తీసి హెడ్డు మీద పెట్టింది. తనకి ఊహ తెలిశాక ఆ ఇంజను నడుస్తుండగా దాని మీద చేయి ఆన్చడమన్నది లేదు, తోలు ఊడిపోయేది. మన ఇంజనుది వేడి ఒళ్ళమ్మా అనేవాడు తండ్రి.

ఇప్పుడు చెయ్యి ఆన్చగలిగింది.

"ఇన్నేళ్ళూ జ్వరంతోనే పని చేశావటే" అంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోయాయి.

లాంచీ రేవుకి కట్టేసినా పిన్ని పైకి రాలేదు. ఏమైందోనని సరంగు గాభరాగా కిందికి దిగాడు. ఆవిణ్ణి చూసి, తనూ పక్కనే చెయ్యి ఆన్చి, ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటే, ఇంత చల్లగా ఉంది?"

"ఇలాగే ఉండాలట."

పైనుంచి యజమాని కేకేశాడు. "ఏమంటుంది బాబాయ్ ఇంజను? ఉంచమంటారా, తీసేయమంటారా?"

సరంగు పెళ్ళాం వైపు చూశాడు. పిన్ని ముక్కు చీది, మసి చేత్తోనే కళ్ళు తుడుచుకుని, పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"రేపట్నుంచి ట్రిప్పులు వేసుకోమనండి" అంది. "కింద నేనుంటానని చెప్పండి."