తప్పు వరుస మీద దాదీ వేలు

నా చిన్నప్పుడు నానక్‌రామ్‌గూడలో మా ఇంటి చుట్టూ బండరాళ్లూ సీతాఫలం చెట్లే. ఇక్కడ అద్దాల మేడలు లేస్తాయంటే నవ్వేవాళ్లం.

పక్కింటి అక్క రోజూ మధ్యాహ్నం వాళ్ల వరండాలో పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. మా మధ్యనే మా దాదీ, అంటే నాన్న వాళ్ల అమ్మ కూడా కూర్చునేది. అరవై దాటాక చదువేంటని ఎగతాళి చేసినవాళ్లకు, "సచ్చేలోపు ఒక్కసారన్న నా కండ్లతోని చదువుకోవాలె" అని జవాబు చెప్పేది. వరుస మీద వేలు పెట్టి గడగడా చదువుతుంటే నాకెంత గర్వమో!

ఒకరోజు పక్కన కూర్చుని చూద్దును కదా, నోరు చదివేది ఒక వరుస, వేలు ఉన్నది మరో వరుస. దాదీకి ఒక్క అక్షరమూ రాదు! ఎప్పుడో విని నేర్చుకున్నదే ఒప్పజెబుతోంది. సరిగ్గా ఆ రోజే అక్క, బట్టీ పట్టినవాళ్లెవరో తేల్చడానికి, పేజీ చివరి నుంచి వెనక్కి ఒక్కో అక్షరం చూపించి అడుగుతోంది. మా వంతు దగ్గరపడుతోంది. పిల్లలు నవ్వారంటే దాదీ మళ్లీ ఈ గడప తొక్కదు, ఆమె కోరిక అక్కడితో సరి. కడుపునొప్పి అని ఏడుస్తూ ఆమె కొంగు పట్టి ఇంటికి లాగాను.

దాదీ నా చేయి విడిపించుకుంది. "నాకు అక్షరాలు రావు బిడ్డా. నోటికొచ్చింది చదువుతున్న, వేలు ఉత్తగనే తిప్పుతున్న. జర మొదటి నుంచి చెప్పు" అంది అక్కతో.

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అక్క మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుని, ఆ వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టింది. తడబడుతూ చదివేవాళ్లకు రెండింతల పుణ్యమని చెప్పింది.

"అట్లయితే నాకు శానా వస్తది తియ్యి" అంది దాదీ. రెండేళ్లు పట్టింది గానీ, తన కళ్లతోనే చదివింది.

ఇప్పుడు నాకు డెబ్బై. కొండాపూర్‌లో పెద్దవాళ్లకని పెట్టిన ఖురాన్ తరగతికి వెళ్తున్నాను. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నాను, రేపు ఇంకేం మరచిపోతానో అని ఒకటే దిగులు. నిన్న బాగా తెలిసిన అక్షరం దగ్గరే వేలు ఆగిపోయింది. నేర్పే అమ్మాయికి నా మనవరాలి వయసు, నా వైపే చూస్తోంది. నోటికి వచ్చిందే చదివేస్తే ఎవరికీ తెలియదు. అయినా వేలు కదపలేదు.

"యాదికొస్తలేదు బిడ్డా, జర మల్ల చెప్పు" అన్నాను.

భయం పోయిందా అంటే, పోలేదు. కానీ నా వేలు ఎక్కడుందో నోరూ అక్కడే ఉంది, అంతా మా దాదీ చలవ.