కొండ వెనక విల్లు చప్పుడు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను చిన్నప్పటి నుంచీ నేను ఏడిపించేదాన్ని. ముత్తుకూరులో మా పాత ఇల్లు ఖబరస్తాన్ గోడను ఆనుకుని ఉండేది. ఉతికిన పరుపు గలీబులు ఆ గోడ మీదే ఆరేసేవాళ్లం. పొద్దుగూకాక వాటిని తీసుకొచ్చే పని నాదే, ఎందుకంటే మా ఇంట్లో పెద్దవాళ్లకే భయం. ఏ దయ్యమూ ఏ రోజూ ఒక్క గలీబు కూడా ఎత్తుకుపోలేదు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది. ఇప్పటికీ నమ్మకం కలగలేదు. కానీ పోయిన జనవరిలో కొండ వెనక జరిగినదాన్ని ఏ ఖాతాలో వేయాలో తెలియడం లేదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను. మీకేదైనా కారణం తోస్తే సంతోషమే.

మాది దూదేకుల కుటుంబం. మా నాయన పరుపులు కుట్టేవాడు. మనిషంత పొడవు విల్లు, దాని తంతిని కొట్టడానికి ఒక చెక్క గూటం, ఇవే ఆయన ఆస్తి. గూటంతో తంతిని కొడుతుంటే గడ్డకట్టిన దూది పొరలు పొరలుగా విడిపోయి గాల్లోకి లేచేది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. టంయ్ మని మోగి, చివర్లో కాస్త వణుకుతుంది. ఊళ్లోకి దూదేకే మనిషి వచ్చాడని తెలియడానికి వీధిలో నడుస్తూ కూడా దాన్నే మోగించేవాళ్లు. మా నాయన రెండు దెబ్బలు వెంటవెంటనే కొట్టి, కాసేపు ఆగి, మూడోది మెల్లగా కొట్టేవాడు. ఆ మూడో దెబ్బ వినగానే మా అమ్మ ఎసరు పెట్టేది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. విల్లు మా ఇంటి గోడకు వేలాడుతోంది. నేనూ మా ఆయనా పోర్టు రోడ్డులో ఫోమ్ పరుపుల కొట్టు నడుపుతున్నాం. నాయన నోటి దగ్గర కూడు లాక్కున్నది ఆ ఫోమే అని మా అన్న రోజుకొకసారైనా దెప్పుతాడు. దెప్పి, ఆ కొట్లోనే కూర్చుని టీ తాగుతాడు.

మా అన్న సుభానీ నాకంటే పదేళ్లు పెద్ద. వదిన పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. పుట్టింటి వైపు నాకు మిగిలింది ఆయన ఒక్కడే. ఒకప్పుడు విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మిషన్ పెట్టుకుంటే మామూలుగా మాట్లాడతాడు. తీస్తే మాత్రం ఉరుము ఉరిమినా మన మొహాలు చూసి తెలుసుకోవాల్సిందే.

తడ దగ్గర హైవే మీద పోతుంటే పడమటి వైపు ఒక పొడవాటి కొండ కనపడుతుంది. పంటలు ఇంటికొచ్చాక నాయన విల్లు భుజాన వేసుకుని ఆ కొండ చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తిరిగి దూది ఏకి వచ్చేవాడు. ఇప్పుడదే దారిలో సరదాకి నడిచేవాళ్లు తయారయ్యారు. సంచి వీపున వేసుకుని, రెండు రోజుల్లో కొండను చుట్టి మొదలుపెట్టిన చోటికే రావడం. ఆ ప్రకటన అన్న ఫోన్‌కి ఎవరో పంపారు. అంతే, పట్టుకు కూర్చున్నాడు.

"నాయన తిరిగిన దారి, బుజ్జమ్మా. కాళ్లు ఆడతన్నప్పుడే ఒక్కసారి తిరిగి రావాల."

"నాయన కడుపు కోసం తిరిగినాడు. నువ్వు ఎదురు డబ్బులిచ్చి తిరగతావా?" అన్నాను. అని, ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ పేరిచ్చాను.

ఎవరి పడక వాళ్లే తెచ్చుకోవాలన్నారు. నేను కొట్లోంచి పల్చటి ఫోమ్ చాప చుట్టి తెచ్చుకున్నాను. అప్పడమంత బరువు కూడా లేదు. అన్న మాత్రం నాయన చివరి రోజుల్లో ఏకి కుట్టిన దూది బొంత తీశాడు. నాయన దారిలో ఫోమ్ మీద పడుకోవడం తన వల్ల కాదన్నాడు. పొడిగా ఉన్నప్పుడు అదీ తేలికే కాబట్టి నేను వాదించలేదు.

మొదటి రోజు హాయిగా గడిచింది. తూర్పు వైపు నడుస్తున్నంత సేపూ దూరంగా పులికాట్ నీళ్లు మెరుస్తూ కనపడ్డాయి. అన్న ముందు నడిచాడు. ఈ బండ దగ్గర నాయన సద్ది తినుంటాడు, ఈ వాగులో కాళ్లు కడుక్కునుంటాడు అని తనే కల్పించి చెబుతూ పోయాడు. వదిన పోయాక ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. రాత్రి గుంపులో వాళ్లందరం మామిడితోటలో గుడారాలు వేసుకుని, టమాటా అన్నం, ఉడకబెట్టిన గుడ్లు తిని పడుకున్నాం.

తెల్లారేసరికి మబ్బు పట్టింది. అల్పపీడనం ఒంగోలు వైపు పోతుందని టీవీలో చెప్పారు గానీ, అది దారి మార్చుకుని మా నెత్తిన కూర్చుంది. మమ్మల్ని నడిపించే చెంచయ్య కొండ కింద ఊరివాడే, ముప్పై దాటిన మనిషి. వెనక్కి పోయినా ముందుకు పోయినా దూరం ఒకటే కాబట్టి ముందుకే పోదామన్నాడు. కొండ వెనక వైపుకి తిరిగాక ఫోన్లు పనిచేయడం మానేశాయి. వాన మొదలైంది.

తడిస్తే మిషన్ పాడైపోతుందని అన్న చెవుల్లోంచి తీసి నాకిచ్చాడు. టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత బిగించి నా సంచిలో వేసుకున్నాను.

ఇక బొంత సంగతి. దూది నీళ్లు తాగితే ఎంత బరువెక్కుతుందో మా కుటుంబానికి ఒకరు చెప్పాలా? అయినా మా ఇద్దరికీ అది తోచలేదు. పైన కప్పిన కవరు చిరిగి, బొంత నాని, ఆయన వీపు మీద దున్నపోతు దూడలా కూర్చుంది. చెంచయ్య తాను మోస్తానన్నాడు. అన్న ఇవ్వలేదు. అక్కడే పారేద్దామని నేను సైగ చేస్తే కోపంగా చూశాడు. మెల్లగా వెనకబడ్డాడు. ఒక మలుపులో తిరిగి చూస్తే, మీరు నడవండి, వస్తున్నానని చెయ్యి ఊపాడు. తర్వాత మంచు లాంటి తెల్లటి మబ్బు కిందికి దిగింది.

వాగు దాటే చోట చెంచయ్య అందరినీ లెక్క చూసుకున్నాడు. అన్న లేడు.

మిగతావాళ్లను ఒక బండ చరియ కింద కూర్చోబెట్టి చెంచయ్యా నేనూ వెనక్కి పరిగెత్తాం. అతను విజిల్ ఊదుతున్నాడు, నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. కొంతసేపటికి నాకే తట్టింది. ఎంత అరిస్తే ఏం లాభం? ఆయన చెవులు నా డబ్బాలో ఉన్నాయి. అంత భయం నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు, దాచుకోవడం దేనికి.

దారి చీలే చోట ఒక మేకల బాట పక్కకి పోతోంది. అది ఎక్కడికి పోతుందని చెంచయ్యను అడిగాను. "లోయ అంచుకి, అక్కా. వానలో మేకలే జారిపడతాయి." అక్కడి నుంచి బాట మూడు నాలుగు పాయలైంది. మిట్టమధ్యాహ్నం, వెలుతురుంది గానీ చాచిన చెయ్యి తప్ప ఏమీ కనపడటం లేదు. ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాం.

అప్పుడు వినపడింది. రెండు దెబ్బలు వెంటవెంటనే. కాసేపు ఆగి, మూడోది మెల్లగా.

భయానికి నా బుర్ర చెడిపోయిందనుకున్నాను. ముందు మాట్లాడింది చెంచయ్యే, ఇది గుర్తుపెట్టుకోండి.

"అక్కా, అదేందది? ఎవరో తీగె మీటినట్టుండాదే?"

అతనికి దూదేకే విల్లంటే ఏమిటో తెలియదు. వాళ్ల ఊరికి మావాళ్లు రావడం మానేసి చాలా కాలమైంది. నాయన గురించి అతనికి నేను ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పేవాడు అన్న ఒక్కడే, ఆయన చెప్పింది ముందు నడుస్తూ నాకే.

మళ్లీ వినపడింది. అదే వరస. బాటలు పోయే వైపు నుంచి కాదు, కుడిపక్క ముళ్లపొదల్లోంచి. మేం ఆ చప్పుడు పట్టుకుని పొదల్లోకి దూరాం. చేతులు గీరుకుపోయాయి. ఇంకోసారి, బాగా దగ్గరగా మోగింది. తర్వాత ఆగిపోయింది.

పొదలు దాటితే నున్నటి బండ. దాని మీద అన్న మాకు వీపు పెట్టి కూర్చున్నాడు, తడిసిన బొంత ఒళ్లో పెట్టుకుని. ఆయనకి కొంచెం ముందు బండ అయిపోయింది. ఆ కింద ఏమీ లేదు, తెల్లటి మబ్బు తప్ప.

పిచ్చిదానిలా "అన్నా" అని అరిచాను. తిరగలేదు. వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగాడు. నన్ను చూడలేదు, నా వెనక వెతుకుతున్నాడు.

"నాయన యాడ? ఇప్పటిదాకా కొట్టినాడే!"

డబ్బాలోంచి మిషన్ తీసి ఆయన చెవుల్లో పెట్టాను. అప్పుడు మెల్లగా చెప్పాడు. మా దారే అనుకుని మేకల బాట పట్టాడట. మబ్బులో అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంటే వెనక నుంచి విల్లు మోగిందట. ఆగి, వెనక్కి తిరిగాడు. చప్పుడు వైపు నాలుగడుగులు వేశాడు. బాగా దగ్గర్లోనే మోగుతోంది కదా, వస్తాడులే అని, వాన మొహాన కొట్టకుండా అటు తిరిగి కూర్చున్నాడట. అదేదో మామూలు సంగతైనట్టే చెప్పాడు.

చెంచయ్య అంచు దాకా పోయి నన్ను పిలిచి చూపించాడు. బండ చివర కాస్త మట్టి పేరుకుని ఉంది. ఆ మట్టిలో అన్న బూటు గుర్తు. మొన లోయ వైపుంది. ఇంకొక్క అడుగుకి చోటు లేదు. పక్కనే మరో గుర్తు, మొన ఇటు తిరిగి.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అన్నను తిట్టాను. మళ్లీ ఏడ్చాను. ఆయన నా తల నిమురుతూ, బొంత బాగా తడిసిపోయింది బుజ్జమ్మా అన్నాడు. ఆ మాటకి నవ్వొచ్చింది. చెంచయ్యా నేనూ ఆ బొంతను కర్రకి వేలాడదీసి, చెరో వైపూ పట్టుకుని మోశాం. అన్నను మా మధ్యలో నడిపించాం. బండ చరియ కింద ఉన్న మిగతావాళ్లను కలుపుకుని సాయంత్రానికి కొండ దిగి, మొదలుపెట్టిన ఊరి దగ్గరే టీ తాగాం. అంత రుచిగల టీ నేను ఇంతవరకూ తాగలేదు. అల్లా దయ అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఇంటికి రాగానే గోడ మీది విల్లు చూశాను. ఎప్పటిలాగే దుమ్ము. తంతి వదులై వేలాడుతోంది. వెనక బల్లి గుడ్లు. నాలోని నమ్మని మనిషి అందుకు సంతోషించింది.

వాన తగ్గాక చెంచయ్య ఆ చోటికి మళ్లీ పోయి చూశాడు. కంచె లేదు, కరెంటు తీగ లేదు, మనిషి ఉండే గుడిసె లేదు. ఆ రోజు మేకలవాళ్లెవరూ కొండెక్కలేదని వాళ్లనే అడిగి తెలుసుకున్నాడు. చెవుల డాక్టరు దగ్గర కూడా అడిగాను. వినికిడి పోయినవాళ్లకు ఒక్కోసారి పాత చప్పుళ్లు లోపల్నుంచే వినపడతాయన్నారు. ప్రాణం లేచొచ్చింది. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే అనుమానం పట్టుకుంది. అన్నకు లోపల్నుంచే వినపడితే, మరి చెంచయ్యా నేనూ విన్నదేమిటి? పోనీ, నిజంగా బయటే మోగిందంటే అన్నకెలా వినపడింది?

ఆ రెండోదాన్నైనా తేల్చుకుందామని నెల్లూరులో ఒక ముసలాయన చేత విల్లుకి కొత్త తంతి వేయించాను. ఎండిన బొంతలో దూది ఉండలు కట్టింది, ఏకాలి కదా అని ఒక వంక కూడా దొరికింది. అన్న మిద్దె మీద మిషన్ తీసి పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పేపరు చదువుకుంటున్నాడు. నేను దూరంగా దూది పరిచి, విల్లు పట్టుకుని కొట్టాను. కదల్లేదు. దగ్గరికి జరిగి కొట్టాను. పిట్టగోడ మీది కాకులు లేచిపోయాయి. పక్కింటి ఆమె ఏమిటా అని బయటికి వచ్చి చూసింది. సరిగ్గా ఆయన వీపు వెనక నిలబడి, చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

అన్న పేజీ తిప్పాడు.

అక్కడే నిలబడిపోయాను. అంతలో లేచిన దూది ఆయన పేపరు మీద వాలింది. తిరిగి చూసి, నా చేతిలో విల్లు చూసి పెద్దగా నవ్వాడు.

"కొట్టేది అట్టా కాదు, ఇట్టా తే." రెండు దెబ్బలు వెంటవెంటనే కొట్టి, ఆగి, మూడోది మెల్లగా కొట్టాడు. ఆయనకి ఏమీ వినపడలేదు.

ఇంతే జరిగింది. దయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. కానీ ఆ చప్పుడును ఇంకా ఏ ఖాతాలోనూ వేయలేకపోయాను. ఇది రాస్తుంటే పక్క గదిలో అన్న మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు, మళ్లీ ఏకి కుట్టిన ఆ బొంత మీదే. గురక ఇల్లంతా వినపడుతోంది. మిషన్ తీసి పడుకున్నాడు కాబట్టి అది ఆయనకి వినపడదు. నాకు వినపడుతోంది, చాలు.