పేచీకోరు అనే మాట

మా వైపు పేచీకోరు అంటే దొంగ కాదు, తాగుబోతు కాదు. జానెడు పొలం గెట్టు కోసం పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగేవాడు. బస్సులో సీటు దొరక్కపోతే కండక్టరు మీద అర్జీ పెట్టేవాడు. ఎవడూ తనను తాను అలా అనుకోడు. ఎప్పుడూ ఎదుటివాడే పేచీకోరు. నేనూ ఆ మాట వాడాను, సౌదీలో, దమ్మామ్‌లో.

కువైట్ యుద్ధం మొదలైన వారం. సైరన్ మోగితే విషవాయువు రాకుండా క్యాంపులో తలుపుల కింద తడి తువ్వాళ్లు కుక్కేవాళ్లం. గ్యాస్ మాస్కులు ఆఫీసువాళ్లకే ఇచ్చారు. టైమ్‌కీపర్ని కాబట్టి నాకొకటి వచ్చింది. జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన, ఊళ్లో పాలివాళ్లతో గెట్టు కేసు నడుపుతున్న మనిషి, కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగాడు.

"మనయి పానాలు గావా? అందరికి మాస్కులియ్యాలె. సంతకం పెట్టుండ్రి."

"గెలిచినోడు ఇంటికి పొయ్యి ఏడ్చిండట, ఓడినోడు కోర్టులనే ఏడ్చిండట. నీతోని మాకెందుకే?" అన్నారు గదుల్లోవాళ్లు. ఒక్కడూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. నాకు మాస్కుంది కదా, ఛీ!

ఆయన ఒంటరిగానే వెళ్లి కాగితం మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకు పోతానన్నాడు. మేనేజరు నన్ను పిలిచి, వీడెలాంటివాడని హిందీలో అడిగాడు. మంచి పనివాడని చెప్పి ఉండొచ్చు. ఆయన కట్టిన గోడ వెంట్రుకవాసి వంగదు. కానీ నోటికి ఊళ్లో మాటే వచ్చింది. "పేచీకోరు" అన్నాను. మేనేజరుకు అర్థం కాలేదు. ఓపిగ్గా విడమర్చాను: ఊళ్లోనూ కోర్టు కేసులే, ఇక్కడా అంతే, ముష్కిల్ నఫర్, చిక్కులు తెచ్చే మనిషి. మేనేజరు రాసుకున్నాడు.

మరునాడే ఆయన్ని కంపెనీ బండిలో జిద్దా పంపారు, అక్కణ్నుంచి ఎగ్జిట్ వేసి ఇండియాకు. మూడో రోజు మాస్కుల పెట్టెలు దిగాయి. క్యాంపులో అందరికీ నేనే పంచాను. ఒకటి మిగిలింది. బాధ కలగలేదు. ఏమీ కలగలేదు. పెట్టె మూసి అన్నం తినడానికి పోయాను.

రెండేళ్లకు లీవులో వెళ్లినప్పుడు ఆయన ఇంటికి పోయాను. గెట్టు కేసు ఇంకా నడుస్తోంది. మళ్లీ వీసా దొరకలేదట. కుర్చీ వేసి, మొట్టమొదట ఇదే అడిగాడు.

"మాస్కులిచ్చిండ్రా తమ్మీ?"

"ఇచ్చిండ్రన్నా."

"అందరికా?"

"అందరికి."

"అయితె గెల్చిన!" అని తొడ చరిచి, లోపలికి చాయ్ చెప్పాడు. చాయ్ గ్లాసు నా చేతికిస్తూ అడిగాడు. "గని, నన్నెందుకు పంపిండ్రో నీకేమన్న ఎరుకనా?"

"ఎరుకలేదన్నా."

ఆయన నమ్మాడు. ఒక్క మాట ఎదురడగలేదు.