చెద్దర్ల అన్న రేడియోకు తాళం పడిన రోజు

పాటకు కూడా తాళం వేస్తారని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. అంతకుముందు నేనెరిగిన రేడియో నెక్కొండలో మా ఇంటి గూట్లో ఉండేది. దానికి తాళమూ లేదు, చెవీ లేదు, మొరాయిస్తే నెత్తిమీద ఒక్కటి వేస్తే పలికేది. కార్లలో వచ్చే కొన్ని రేడియోలు అలా కాదని హన్మకొండలో పనికి చేరాక గానీ తెలియలేదు. బ్యాటరీ తీసి మళ్ళీ పెడితే చాలు, అవి యజమానినే ఎరగనట్టు మొహం పెట్టి 'కోడ్' అని అడుగుతాయి. ఆ నాలుగంకెలు చెప్పేదాకా నోరు విప్పవు. ఎక్కడో పరదేశాల్లో కార్ల అద్దాలు పగలగొట్టి రేడియోలు ఎత్తుకుపోయేవాళ్ళట. ఎత్తుకుపోయినా పలకదని తెలిస్తే దొంగ మానుకుంటాడని కంపెనీవాళ్ళ ఆలోచన. (మన దొంగలకు ఇదేమీ తెలియదు. వాళ్ళు ముందు స్టెపినీ టైరు చూస్తారు.) దొంగల సంగతి ఎలా ఉన్నా, ఆ నాలుగంకెలు రేడియో పొట్టలో ఎక్కడ దాక్కుంటాయో చూడాలని నాకు ఒకటే పురుగు తొలిచేది.

నేను పనిచేసింది కార్లకు స్పీకర్లు, హారన్లు, సీటు కవర్లు వేసే దుకాణంలో. యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు, నేనూ అదే అనేవాణ్ణి. నేను ఏదో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చానని ఆయన నాకు 'కంప్యూటర్' అని పేరు పెట్టాడు. "కంప్యూటరూ, చాయ్ తీస్కరా" అని ఆయన కేకేస్తే వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. కోడ్ రేడియోలు వస్తే సేటు చేతులెత్తేసి హైదరాబాద్ పొమ్మనేవాడు. అది నాకు నచ్చేది కాదు. ఇంటర్నెట్‌లో వెతికి, వెంటపడి, బతిమాలి, చివరికి కోడ్ చదివే యంత్రం ఒకటి తెప్పించాను. యంత్రమంటే పెద్దదేమీ కాదు. అగ్గిపెట్టెంత డబ్బా, ఒక వైరు, వైరు చివర బట్టల క్లిప్పులాంటి ఎనిమిది పళ్ళ క్లిప్పు, కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్ సీడీ. రేడియో లోపల ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటుంటుంది, దాన్ని క్లిప్పుతో పట్టుకుంటే సాఫ్ట్‌వేర్ కోడ్ చదివి చెబుతుంది. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పని జేస్తె మంచిదే. చెయ్యకుంటె ఇదీ నువ్వూ ఒక్క బండ్లనే పోవుడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నెక్కొండలో పత్తి ఏరే పని నా కోసం కాచుకుని ఉంది కనుక నాకు నవ్వు రాలేదు.

ఒకరోజు పొద్దున షట్టర్ పూర్తిగా లేవకముందే ఒక పాత విదేశీ కారు వచ్చి ఆగింది. అది ఎన్ని చేతులు మారిందో, కోడ్ కాగితం ఏ చేతిలో ఉండిపోయిందో దేవుడికే తెలియాలి. పైన రెండు మైకులు, వెనక సీటు తీసేసిన చోట కిటికీల ఎత్తుదాకా చెద్దర్లు. మెడలో తువ్వాలతో దిగినాయన మరిపెడ వైపు అంగళ్ళలో, అంటే వారపు సంతల్లో, దుప్పట్లు, చెద్దర్లు, దిండ్ల గలీబులు అమ్ముకునే మనిషి. నోరు తెరిచి ఏదో అన్నాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. ఆయన వెనకే దిగిన భార్య అందుకుంది.

"గొంతు పోయింది తమ్మీ. కొత్త బ్యాటరీ ఏసిన కాడికెల్లి రేడియో బందయింది. అంగట్ల తనే ఒర్రుతాండు. దవాఖానకు తోల్కపోతె మాట్లాడొద్దన్నరు. మాట్లాడకుంటె చెద్దర్లు ఎట్ల అమ్ముడువోతయి? రేపు పెద్దంగడి ఉన్నది."

సంగతేమిటంటే, ఆ రేడియోలో ఒక సీడీ ఇరుక్కుంది, తాళం విడితే గానీ బయటికి రాదు. అందులో ఉన్నది పాటలు కాదు, ఈ వదినె గొంతే. చెద్దర్లు కొనమని పిలిచే పిలుపు ఆమె ఇంటి ముందు నిలబడి చెబుతుంటే ఆయన ఫోన్‌లో పట్టి, ఎవరిచేతో సీడీ చేయించుకున్నాడు, ఆ ఫోన్ తర్వాత పాడైపోయింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆమె ఆయన్ను తిట్టింది. ఆ తిట్టూ సీడీలో పడింది. అంగట్లో జనం ఆ తిట్టు కోసమే ఆగుతారట, నవ్వుతారట, నవ్వినవాళ్ళు చెద్దరు పట్టుకుని చూస్తారట. ఇదంతా ఆయన చేతులతో చూపిస్తుంటే ఆమె మాటల్లోకి మార్చి చెప్పింది, కొంచెం మొహం ముడుచుకునే.

"నేనైతె ఒక్కనాడు ఇనలే తమ్మీ. నేను అంగడికి పోను, ఇంట్ల గలీబులు కుడుత. పది మందిల నన్ను నగుబాటు చేస్తాండు, తుడిపెయ్యిమంటె ఇనడు. ఒక్క మాట ఇంటడా నాది?"

"మరి మంచిగ మళ్ళొకసారి చెప్పరాదు వదినే?" అన్నాను.

"మొన్న చెప్పిన. బడి పిలగాండ్లు పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది. తిట్టు గూడ చెప్పుమన్నడు. తిట్టు ఆర్డరిస్తె వస్తదా?"

రేడియో విప్పి సీడీని లాగేద్దామా అంటే గీతలు పడితే అదీ పోతుందని సేటు వద్దన్నాడు. కొత్త రేడియో కొనే స్తోమత వాళ్ళకు లేదు. కనుక రేపటి అంగడి నా అగ్గిపెట్టె డబ్బా మీద ఆధారపడింది. నేను రేడియోను కారులోంచి ఊడదీసి, బల్లమీద పెట్టి, దుకాణంలోని పాత బ్యాటరీ ఒకటి, దుకాణం ముందుండే పెద్ద స్పీకర్లు దానికి తగిలించాను. మూత తీసి ఎనిమిది కాళ్ళ చిప్పును క్లిప్పుతో పట్టుకున్నాను. ఆ క్షణంలో నన్ను నేను పెద్ద దవాఖానలో గుండె డాక్టర్ననుకున్నాను.

డాక్టరు గారికి ముందు కంప్యూటరే సహకరించలేదు. 'పరికరం కనబడలేదు' అంది. వైరు తీసి పెట్టాను, ఊది పెట్టాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. చాలాసేపు తన్నుకులాడాక కారణం దొరికింది. కంప్యూటర్ నా డబ్బాకు ఏడో నంబరు పోర్టు ఇచ్చింది, సాఫ్ట్‌వేర్ నాలుగో నంబరు దాటి వెతకదు. వదినె "ఏమైంది తమ్మీ" అంటే, "మన బస్సు ఏడో ప్లాట్‌ఫారం మీద ఉన్నది వదినే, ఇది నాలుగు దాక చూసి బస్సే లేదంటాంది" అని చెప్పాను. "దాన్ని ఈడికే పిలువరాదు" అంది ఆమె. చేయవలసింది సరిగ్గా అదే. సెట్టింగుల్లోకి పోయి ఏడును మూడుగా మార్చగానే రెండూ కలుసుకున్నాయి. మీట నొక్కీ నొక్కకముందే తెరమీద నాలుగంకెలు ప్రత్యక్షమయ్యాయి. సేటు నా భుజం తట్టాడు.

ఆ అంకెలు రేడియోలో కొట్టాను. మళ్ళీ 'కోడ్' అనే అడిగింది. వేలు జారిందేమోనని ఇంకోసారి కొట్టాను. అదే మాట. మూడోసారి ఒక్కో అంకె పైకి చదువుకుంటూ కొట్టాను. రేడియో ఒక్క క్షణం ఆలోచించి, పచ్చటి అక్షరాలతో 'సేఫ్' అని చూపించింది.

"సేఫ్ అంటాంది!" అని ఎగిరాను. "సేఫ్ అంటే?" అంది వదినె. "అంటే క్షేమం వదినే, ఇంక ఫికర్ లేదు!" ఆమె రేడియోకు దండం పెట్టింది. గొంతులేని అన్న నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. సేటు తానే పోయి చాయ్ చెప్పి వచ్చాడు. (ఆయన స్వయంగా పోవడం నేను చూసింది అదొక్కసారే.) చాయ్ తాగి తీరుబడిగా మీట నొక్కితే రేడియో కిమ్మనలేదు. ఇంకోటి నొక్కితే కిమ్మనలేదు. అనుమానం వచ్చి ఇంటర్నెట్‌లో చూస్తే అసలు అర్థం బయటపడింది. సేఫ్ అంటే రేడియో క్షేమంగా ఉందట, మన బారినుంచి. తప్పు కోడ్ కొట్టి కొట్టి మేం దొంగలమని తేలిపోయింది కనుక, గంటసేపు కరెంటు పోకుండా అలాగే ఉంచితే గానీ ఇంకో అవకాశం ఇవ్వదట. ఈసారీ తప్పితే గంట కాదు, రేపటిదాకా నోరు తెరవదని కూడా రాసి ఉంది.

గంటసేపు అందరం ఆ పచ్చ అక్షరాల ముందు కూర్చున్నాం. గంట నిండబోతుండగా అక్షరాలు మినుకుమని ఆరిపోయాయి. పాత బ్యాటరీ కాస్తా అడుగంటింది. కరెంటు పోతే గంట మళ్ళీ మొదటినుంచి. "ఏం కంప్యూటరూ, గిది మనల్ని ఆడిస్తాందా?" అన్నాడు సేటు. ఆ గొంతులో నవ్వు లేదు. వదినె గోడ గడియారం వైపు, బయట కారు వైపు చూడడం మొదలుపెట్టింది. అన్న మెల్లగా పోయి కారులో చెద్దర్లు సర్దుకుంటున్నాడు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు. ఈసారి బ్యాటరీకి చార్జర్ కూడా తగిలించి కూర్చున్నాను.

ఖాళీగా కూర్చుంటే నా పురుగు ఊరుకోదు కదా. రేడియోలో అంత రహస్యంగా దాచిన కోడ్ అలా మీట నొక్కగానే ఎలా వచ్చింది? క్లిప్పు అప్పటికి చిప్పునుంచి తీసేసి బల్ల అంచున వేలాడుతోంది. ఊరికే, చూద్దామని, మళ్ళీ మీట నొక్కాను. తెరమీద మళ్ళీ అవే నాలుగంకెలు వచ్చాయి. క్లిప్పు గాల్లోనే ఉంది.

వదినె క్లిప్పును చూసింది, తెరను చూసింది. "రేడియోను ముట్టకుంటనే చెప్తాందా? మా ఊరికి సోది చెప్పెటామె వస్తది తమ్మీ. ఆమె గూడ చెయ్యి వట్టుకునే చెప్తది."

నాకు సిగ్గేసింది గానీ, సిగ్గుకంటే సంతోషమే ఎక్కువ. తప్పు ఎక్కడుందో దొరికింది! ఇంతసేపూ క్లిప్పు పట్టుకున్నట్టే ఉంది గానీ చిప్పును తాకనే లేదు. సాఫ్ట్‌వేర్ చదివింది శూన్యాన్ని, ఆ శూన్యానికి లెక్కకట్టి ధీమాగా ఒక కోడ్ చెప్పింది. మరి ఎందుకు తాకలేదు? భూతద్దం తెచ్చి చిప్పు కాళ్ళు చూశాను. వాటిమీద ఏదో పలచటి పూత నిగనిగలాడుతోంది, చెమ్మ తగలకుండా కంపెనీవాళ్ళు పూసింది. వదినె కూడా అద్దం తీసుకుని చూసి, "గోర్ల రంగు పెట్టినట్టున్నది" అంది.

గోళ్ళ రంగయితే తీసే మందు ఉంటుంది కదా! ఒక్క ఉరుకున పక్కనున్న ఫ్యాన్సీ స్టోర్‌కు పోయి నెయిల్ పాలిష్ రిమూవర్ అడిగాను. కొట్లో ఆమె నా గ్రీజు చేతులను పైనుంచి కిందికి చూసి, "పెండ్లి గిట్ల కుదిరిందా?" అంది. "రేడియోకు" అన్నాను. ఆమె సీసా ఇచ్చి, గడపదాకా వచ్చి నా వెనకే చూసింది.

గంట నిండి, 'సేఫ్' పోయి 'కోడ్' వచ్చాక, కరెంటు తీసేసి, చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లతో ఆ ఎనిమిది కాళ్ళకూ రంగు కడిగాను. క్లిప్పు పెట్టి మీట నొక్కితే ఈసారి సాఫ్ట్‌వేర్ వెంటనే సమాధానం చెప్పలేదు. నింపాదిగా చదివింది. వచ్చిన నాలుగంకెలు వేరు. క్లిప్పు తీసి నొక్కితే పాత అంకెలు, పెట్టి నొక్కితే కొత్తవి. రెండుసార్లు అలా చూసుకుని రేడియోకు మళ్ళీ కరెంటు ఇచ్చాను గానీ, కొత్త అంకెలు కొట్టడానికి వేలు ముందుకు పోలేదు. తప్పితే రేపటిదాకా అంతే. అన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు, ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. నొక్కాను.

దుకాణం స్పీకర్లు రెండూ ఒక్కసారి గర్జించాయి.

"రాండ్రి అక్కా, రాండ్రి చెల్లే! చెద్దర్లు, దుప్పట్లు, మెత్తల గలీబులు! రంగు పోదు, దారం లేవదు... ఓ మనిషీ! గంత ఎండల నిలవడ్డవేంది? నెత్తికి తువ్వాల సుట్టుకోరాదు! సుట్టుకో ముందుగాల! చెప్తె ఇనవు గదా... రాండ్రి అక్కా, రాండ్రి చెల్లే!"

వీధి ఆగిపోయింది. చాయ్ బండి దగ్గరున్నవాళ్ళు, ఫ్యాన్సీ స్టోర్ ఆమె, స్కూటర్ మీద పోతున్నాయన, అందరూ పగలబడి నవ్వారు. వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరగబోయి, సగంలో ఆగిపోయింది. ఆమె చూపు పోయినవైపు నేనూ చూశాను. అన్న మెడలోని తువ్వాల తీసి నెత్తికి చుట్టుకుంటున్నాడు. ఎవరినో నవ్వించడానికి కాదు, ఆయన చూపు కారు మీదే ఉంది. స్పీకర్ 'సుట్టుకో' అనగానే చేతులు వాటంతటవే లేచినట్టున్నాయి. అంగళ్ళలో ఆ సీడీ ఎన్నిసార్లు తిరిగిందో, అన్నిసార్లూ ఆయన చుట్టుకుంటూనే ఉన్నాడన్నమాట. పైగా ఇప్పుడు ఎండ కూడా లేదు.

"సూసినవా తమ్మీ," అంది వదినె, "ఇంట్ల నేను చెప్తె ఇననోడు, డబ్బల చెప్తె ఇంటాండు."

అన్నకు అప్పుడర్థమై, నెత్తిమీద చేయి పెట్టి చూసుకుని, సిగ్గుతో గొంతులేని నవ్వు నవ్వాడు. వదినె ఆయన దగ్గరికి పోయి, వదులుగా ఉన్న చుట్టును విప్పి గట్టిగా చుట్టింది. సీడీ తుడిపెయ్యమని మళ్ళీ అనలేదు. జనం అప్పటికే కారు చుట్టూ మూగి చెద్దర్లు విప్పి చూస్తున్నారు, సేటు కూడా ఒకటి పట్టుకుని బేరమాడుతున్నాడు. నేను సీడీ బయటికి తీసి ఇంకో రెండు సీడీలు చేసిచ్చాను. పొద్దంతా తిప్పలు పెట్టిన దానికి, ఆ పని చాయ్ చల్లారేలోపు అయిపోయింది.

దాని నకలు నా దగ్గరా ఒకటి ఉంచుకుంటానంటే వదినె "నువ్వు గూడనా" అని నవ్వి ఒప్పుకుంది. ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. ఏ కారుకు కొత్త స్పీకర్లు వేసినా ముందు ఆ గొంతే పెట్టి చూస్తాను. బొంగురు, కీచు, ఏ లోపమున్నా ఆ తిట్టులో తెలిసిపోతుంది. అది వస్తున్నంతసేపూ నాకు బల్లమీదికి వంగి ఉన్న, సేటు 'కంప్యూటర్' అని పిలిచిన ఆ కుర్రవాడు కనబడతాడు. మొగుడి నెత్తికి పెళ్ళాం తువ్వాల చుడుతుంటే, వాడు దానివైపు సరిగ్గా చూడనైనా చూడకుండా వైర్లు చుట్టబెట్టుకుంటూ, ఈ రోజు నేను విప్పినంత గొప్ప రహస్యం ఇంకెవరూ విప్పి ఉండరని మురిసిపోయాడు. పాపం, అప్పటికి వాడికి పెళ్ళి కాలేదు.